నాలుగు చోట్ల నాలుగు బిళ్ళలు

నాకు కుదురు తక్కువ. బస్సు ఆలస్యమైతే నిలబడలేక తరవాతి స్టాపుదాకా నడిచిపోతాను. నేను అక్కడికి చేరేలోపు బస్సు నన్ను దాటి వెళ్ళిపోతుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి నాలుగుసార్లు మూత తీస్తానని అమ్మ తిడుతుంది. అలాంటి నన్ను ఏడాదికోసారి కుర్చీలో కట్టిపడేసి, మా సయా ఎప్పుడో మూగబోయిన ఒక ఉపగ్రహం కథ చెప్పేవారు.

సయా అంటే బర్మా భాషలో మాస్టారు. ఆయన ఒకప్పుడు కాలేజీలో ఫిజిక్స్ చెప్పారు. రిటైరయ్యాక యాంగోన్‌లో నాలుగైదు ఎక్స్‌రే సెంటర్లకి రేడియేషన్ జాగ్రత్తలు చూసేవారు. లత పేటలో మేడమీద ఉన్న మా సెంటర్ వాటిలో ఒకటి. నేను అక్కడ ఎక్స్‌రే తీసే ఉద్యోగంలో చేరి పదకొండేళ్ళు. ఏటా ఆయన చెప్పే జాగ్రత్తల క్లాసులో పదకొండుసార్లు విన్నాను ఆ కథ.

అది తొలినాళ్ళలో పైకి పంపిన ఉపగ్రహాల్లో ఒకటి. ఒక పెద్ద దేశపు సైన్యం పంపింది. సైన్యం పంపిందన్న మాటే గానీ దాంట్లో ఆయుధం లేదు, గూఢచారి కెమెరా లేదు. మనుషుల్ని ఆ ఎత్తుకి పంపించే ముందు అక్కడ రేడియేషన్ ఎంత ఉందో కొలవడమే దాని పని. బయట ఎంత ఉందో తెలిస్తే చాలదు, లోపల కూర్చున్న మనిషికి ఎంత తగులుతుందో తెలియాలి. అందుకని ఒకే పని చేసే మీటర్లు కొన్ని పెట్టి, ఒక్కోదానికి ఒక్కో తొడుగు వేశారు. ఒకదానికి పల్చటి అల్యూమినియం, ఒకదానికి మందపాటిది, ఒకదానికి వేరే లోహం. ఒక మీటరుని మాత్రం మనిషి మాంసంలాంటి ప్లాస్టిక్‌తో చేశారు. కిరణాలు మాంసంలోకి ఎలా దిగుతాయో దీంట్లోకీ అలాగే దిగుతాయి.

"పైన మనిషి లేడు. మనిషి తినాల్సింది ఆ ప్లాస్టిక్ తిన్నది" అనేవారు సయా. ఆ మాట దగ్గర ప్రతిసారీ ఆగి మా మొహాలు చూసేవారు. కొన్నాళ్ళకి దాని రేడియో ఆగిపోయిందట. "మాట పోయింది గానీ తిరగడం మానలేదు. ఇప్పుడు కూడా ఎక్కడో మన నెత్తి మీదే ఉంటుంది తమీ" అనేవారు. తమీ అంటే కూతురా అని. నేను తలూపేదాన్ని. నా ధ్యాసంతా కింద బెంచీల మీద ఉన్న రోగుల మీద ఉండేది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, జనరేటర్‌కి డీజిల్ ఎంతుందో తెలియదు, ఈయనగారు చూస్తే ఆకాశంలో ఉన్నారు.

మా ఛాతీ మీద తగిలించుకునే బ్యాడ్జి కూడా అదే పద్ధతిలో చేసిందని చెప్పడానికే ఆ కథ. చిన్న ప్లాస్టిక్ బిళ్ళ. లోపల రేడియేషన్‌ని గుర్తుపెట్టుకునే పలక ఉంటుంది. దాని మీద ఒకచోట ఏ అడ్డూ లేకుండా కిటికీ, ఒకచోట ప్లాస్టిక్ మూత, ఒకచోట రాగి రేకు. మూడు నెలలకోసారి వాటిని వేరే చోటికి పంపితే, మిషన్‌లో పెట్టి ఎవరికి ఎంత తగిలిందో రాసి పంపుతారు. బిళ్ళ దేన్నీ ఆపదు. తగిలినంతా గుర్తుపెట్టుకుంటుంది, అంతే. ఈ ముక్క రోగులకి రోజూ చెప్పేదాన్ని. ఎందుకంటే సగం మంది దాన్ని తాయెత్తు అనుకుంటారు. "మీకు రక్ష ఉంది, మాకేదీ సయామా" అని అడుగుతారు. ఆడవాళ్ళయితే సయా కాదు, సయామా.

మా అమ్మకి మాత్రం ఏనాడూ చెప్పలేదు. అడిగితే కదా.

పెళ్ళైన ఎనిమిదేళ్ళలో రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు అమ్మ ఒకటే పట్టు పట్టింది. "మూడో నెల నిండీదాకా నోరిప్పకు. దిష్టి మా సెడ్డది" అంది. మా ఆయన సరుకుల ఓడ మీద పనిచేస్తాడు, ఆ సంగతి ఫోన్లో ఆయనకి చెప్పడానికి కూడా తలుపేయించింది. నేనూ ఒప్పుకున్నాను. దిష్టిని నమ్మి కాదు, మళ్ళీ పోతే అందరికీ మళ్ళీ చెప్పుకోవాలన్న భయంతో. ఇలాంటి పనిలో ఉన్నవాళ్ళు కడుపుతో ఉన్నారని తెలిసిన రోజే చెప్పాలి. గోడమీద అంటించిన కాగితంలో ఆ రూలుంది, అంటించింది నేనే. సీసం ఏప్రన్ బిగించి కట్టుకుని, బటన్ నొక్కేటప్పుడు అద్దం వెనక్కి ఇంకో అడుగు జరిగి, మూడు నెలలు నోరు మూసుకుని పని చేశాను.

నాలుగో నెలలో చెప్పాను. వెంటనే నన్ను ఎక్స్‌రే గదిలోంచి తీసి కౌంటర్‌లో కూర్చోబెట్టారు. అయిదో నెలలో బ్యాడ్జిల రిపోర్టు వచ్చింది.

సయా అందరి కాగితాలూ ఇచ్చేశారు. నాది మాత్రం చేతిలో ఉంచుకున్నారు. పక్కగదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, అంకె చూపించారు. మా సెంటర్‌లో ఎవరికీ ఎన్నడూ రానంత అంకె. పక్కవాళ్ళందరికీ ఉన్నదానికి ఎన్నో రెట్లు.

"బ్యాడ్జి ఇంటికి తీసుకెళ్తావా?" అని అడిగారు.

"లేదు సయా" అన్నాను.

అబద్ధం. సాయంత్రం దాన్ని సెంటర్‌లో మేకుకి తగిలించి రావాలి. మా ఇల్లుండే తాకేటా వైపు బస్సు పట్టుకునే హడావిడిలో తగిలించకుండానే పరుగెత్తుకొచ్చేదాన్ని. మొదట్లో మరిచిపోయి, తరవాత అలవాటై. కడుపుతో ఉన్న సంగతి దాచినందుకే ఆయనకి మొహం చూపించలేకపోతున్నాను, ఇంకో తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

ఆ వారం రోజులు నేనెలా గడిపానో నాకే తెలియదు. ఒక్క చోట నిలవలేదు. కౌంటర్‌లో కూర్చుని, ఆ మూడు నెలల్లో తీసిన ఎక్స్‌రేలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకునేదాన్ని. కదలకుండా ఉండలేని పసివాడొకడు ఉన్నాడు, వాణ్ణి ఎవరు పట్టుకున్నారు? నేనేనా? ఏప్రన్‌లో ఎక్కడైనా పగులుందా? ఇంటికెళ్తే ఆ చివర నుంచి ఈ చివరకి నడవడమే. కడుపులో కదలిక తెలిస్తే భయం, తెలియకపోతే మరీ భయం. మా ఆయన ఫోన్‌లో పాపకి ఏం పేరు పెడదామని అడిగితే విసుక్కుని పెట్టేశాను. ఆయన ఏ సముద్రంలో ఉన్నాడో కూడా అడగలేదు.

అమ్మకి చెప్పలేదు. అమ్మ మొహం చూస్తే చెప్పడం చేతకాలేదు.

వారం తరవాత సయా మళ్ళీ వచ్చారు. ఈసారి మొహం కాస్త తేటగా ఉంది. నా బిళ్ళ లెక్క విడివిడిగా, ఏ కిటికీ కింద ఎంత పడిందో రాయించి తెచ్చారు. "మన మిషన్ కిరణాలకి బలం తక్కువ. రాగిరేకు వాటిని చాలావరకు ఆపేస్తుంది. నీ బిళ్ళలో రాగి కిందా అంతే ఉంది, ఖాళీ కిటికీ కిందా అంతే ఉంది. ఏ తొడుగునీ లెక్కచెయ్యని కిరణం ఇది. మన మిషన్‌ది కాదు తమీ" అన్నారు.

పదకొండేళ్ళు ఆవులిస్తూ విన్న కథ నా పీక మీదికి వచ్చి నిలబడితే గానీ బుర్రకెక్కలేదు. వేర్వేరు తొడుగులు ఎందుకంటే, వచ్చింది ఏ రకమో ఎక్కడినుంచో తెలియడానికి.

"ఇప్పుడు చెప్పు. ఇంటికి తీసుకెళ్తావా?" అని మళ్ళీ అడిగారు. ఈసారి నిజం చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

సెంటర్‌లో రేడియేషన్‌ని అక్కడికక్కడే చూపించే మీటరు ఒకటి ఉండేది గానీ పాడై రెండేళ్ళు దాటింది, దాని భాగాలు ఎక్కడా దొరకడం లేదు. అందుకని ఆయన నాకు నాలుగు కొత్త బిళ్ళలిచ్చారు. "ఇంట్లో నాలుగు చోట్ల తగిలించు. రెండు వారాలు కదపకు. నీ దిండు దగ్గర ఒకటి తప్పకుండా ఉండాలి. బయట ఎంత ఉందన్నది ఒకటి, లోపలి మనిషికి ఎంత అన్నది ఇంకొకటి" అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి బిళ్ళలు బయటికి తీస్తుంటే అమ్మ చూసింది. మొహం వెలిగిపోయింది.

"నాలుగిచ్చీసినారేటి? ఇలగియ్యి, అమ్మవారి కాడ ఎడతాను."

"ఎందుకు?"

"నెల తప్పిన కాడ్నించి రోజూ ఎడతన్నాను కాదేటి! నువ్వొచ్చి బేగు పడీసీ సరికి తీసి తాత ముల్లుపెట్టి మీద ఎడతాను. దాని ఎలుగు నీ బిల్లకి ఎక్కాల. పొద్దుటికి నీకు కాపు."

నేను గిరుక్కున దేవుడి బల్ల వైపు తిరిగాను.

తాత ముల్లుపెట్టె గురించి చెప్పాలి. అమ్మ వాళ్ళ నాన్న కూలికని ఓడెక్కి ఈ దేశం వచ్చి, యాంగోన్ రేవులో బస్తాలు మోసేవాడు. యుద్ధం అయిపోయాక రేవులో విరిగిన ఓడల సామాను తీసే పనిలో ఆయనకి గుండ్రటి మీటరు ఒకటి దొరికింది. నల్లటి ముఖం, దాని మీద అంకెలు, ఒక ముల్లు, పైన దళసరి అద్దం. ఆ రోజుల్లో చీకట్లో ఆ అంకెలు పచ్చగా వెలిగేవట. అమ్మ చిన్నప్పుడు చూసింది. తాత దసరాకి తన బస్తా కొక్కెంతో పాటు దాన్ని కూడా అమ్మవారి ముందు పెట్టి పూజ చేసేవాడు. ఇంటికి అన్నం పెట్టిన పనిముట్లకి బొట్టు పెట్టడం మా వాళ్ళ ఆచారం. కొక్కెం ఎక్కడో పోయింది, మీటరు మిగిలింది. నాకు ఊహ తెలిసేసరికే దాని వెలుగు ఆరిపోయింది. వెలుగంతా అమ్మవారిలోకి వెళ్ళిపోయిందని అమ్మ చెప్పేది. నేను రేడియేషన్ పని నేర్చుకున్నదాన్ని. పాత మీటర్ల అంకెలు చీకట్లో వెలగడానికి వేసే రేడియం రంగు గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. రంగు వెలగడం మానేసినా లోపలి రేడియం వందల ఏళ్ళు ఊరుకోదని రాశాను. పుట్టినప్పటి నుంచీ కళ్ళెదుట బల్ల మీద బొట్టు పెట్టుకుని కూర్చున్నదాన్ని ఒక్కరోజూ అనుమానించలేదు. దేవుడి బల్ల మీద ఉన్న వస్తువుని ఎవరు అనుమానిస్తారు!

అమ్మకి ఏమీ చెప్పకుండా నాలుగు బిళ్ళలూ తగిలించాను. దేవుడి బల్ల మీద ఒకటి, నా దిండు దగ్గర ఒకటి, వంటగదిలో ఒకటి, వీధి గుమ్మం పక్కన ఒకటి. మీటరుని కదపబోయాను గానీ చెయ్యి ఆగింది. కదిపితే లెక్క తప్పుతుంది. నేనే ఆ రెండు వారాలూ లమ్మడాలో మా ఆయన అక్క ఇంట్లో ఉంటానని చెప్పి వెళ్ళిపోయాను. నా కడుపు నేను తీసుకుని వెళ్ళిపోయాను. అప్పుడు నాకు తోచిందంతా అదే.

రెండు వారాలకి బిళ్ళలు పంపితే, లెక్క రావడానికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది. మిషన్ ఉన్నచోట కరెంటు లేదన్నారు, తరవాత మనిషి లేడన్నారు. నేను రోజూ సయాకి ఫోన్ చేసి విసిగించాను. చివరికి ఆయనే వచ్చారు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటే, వినేటప్పుడు కూర్చుని ఉండాలన్నారు.

బల్ల మీది బిళ్ళలో మోత మోగిపోయింది. వంటగదిలో, గుమ్మం దగ్గర చెప్పుకోదగ్గదేమీ లేదు. నా దిండు దగ్గర మామూలుగా ఎక్కడైనా ఉండే దానికంటే ఒక్క పిసరు ఎక్కువ. మధ్యలో గదంత దూరం ఉంది కదా, ఆ దూరమే కాపాడింది. "బిడ్డకి ఏ భయమూ లేదు" అన్నారు సయా. నేను అక్కడే, కౌంటర్ వెనక, రోగులందరూ చూస్తుండగా ఏడ్చాను.

తరవాత ఆయన అడిగారు. "ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు?"

అమ్మ రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట అక్కడే కూర్చుంటుంది. మీటరుని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తుంది, బొట్టు పెడుతుంది. తన పెళ్ళికి ముందు నుంచీ అంతే. ఇల్లంతా నాలుగు చోట్ల బిళ్ళలు తగిలించాను. అమ్మకి ఒకటి తగిలించాలని నాకు తోచనే లేదు. నేను కడుపు పట్టుకుని పారిపోయిన రెండు వారాలూ అమ్మ ఆ మీటరు పక్కనే కూర్చుని నా కోసం మొక్కుకుంది. దీనికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

తాత ముల్లుపెట్టె సంగతంతా ఆయనకి చెప్పాను. "అద్దం పగల్లేదు, అది అదృష్టం. లోపలి పొడి బయటికి రాలేదు. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించు. భయపడేంత కాదనే అనుకుంటున్నాను" అన్నారు సయా. ఆ 'అనుకుంటున్నాను' నాకు నచ్చలేదు.

అమ్మకి చెప్పాల్సి వచ్చింది. మర్నాడు సయా సీసం పెట్టె పట్టుకుని మనుషులతో వచ్చారు. నేను పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. తాత వస్తువు, అమ్మవారి వస్తువు, ఇమ్మంటే ఇస్తుందా? బిడ్డ మాట ఎత్తేసరికి అమ్మ లేచి, తనే తీసి పెట్టెలో పెట్టేసింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం అడిగింది.

"అయితే నానే ఎక్కించీసినానేటి నీ బిల్లకి?"

"బిళ్ళకే అమ్మా. నాకు కాదు, పాపకి కాదు."

"నాకెక్కింది కాదేటి?"

దానికి నేను వెంటనే జవాబివ్వలేదు. ఆ రెండు క్షణాలు చాలు, అమ్మ తనకి కావాల్సింది తీసేసుకుంది.

ఆ రోజు నుంచి నా దగ్గరికి రావడం మానేసింది. కంచం తనే పక్కకి పెట్టుకుంది, చాప తీసి వంటగదిలో వేసుకుంది. రోజూ నా పాదాలకి నూనె రాసే మనిషి, నూనె గిన్నె గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. నా పొట్ట మీద చెయ్యి వెయ్యమంటే రెండడుగులు వెనక్కి. నాకు ఒళ్ళు మండిపోయేది. రోజుకి ఇరవై మందికి ఇదే ముక్క చెప్పే నోటితో కన్నతల్లికి చెప్పలేకపోయాను.

"దీపం దగ్గర కూర్చున్నంత మాత్రాన మనిషి దీపం అయిపోతుందా అమ్మా?" అన్నాను.

"దీపం కాడ కూకుంటే మసి అంటదేటి?" అంది.

చివరికి, సరే, బిళ్ళనే నమ్ముతావు కదా, నువ్వే పెట్టుకో, నీలో ఏమన్నా ఉంటే అదే చెబుతుందని ఒక కొత్త బిళ్ళ తెచ్చి అమ్మ రవికెకి గుచ్చాను. నెల రోజులు స్నానానికి తప్ప తియ్యలేదు. పక్కింటివాళ్ళు అడిగితే "పరీచ్చ" అని చెప్పేది. నెల కాగానే తీసుకెళ్ళి సయాకి ఇచ్చాను. లెక్క వస్తే గానీ నిన్ను ముట్టనని అమ్మ, ఇదిగో వస్తుంది అదిగో వస్తుందని నేను. మిషన్ మళ్ళీ ఆగిపోయింది. నేను ఇంట్లో నడుస్తూనే ఉన్నాను, పొట్ట బరువుకి నడుము విరిగిపోతున్నా నడుస్తూనే ఉన్నాను.

లెక్క కంటే ముందు బిడ్డ వచ్చింది.

ఆడపిల్ల. పది వేళ్ళూ పది వేళ్ళూ లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను. నర్సు పాపని తుడిచి, గుడ్డలో చుట్టి, అమ్మమ్మ ఏదని చూసింది. అమ్మ వార్డు గుమ్మం బయట, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నర్సు తీసుకెళ్ళి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. "నానొద్దు, నానొద్దు" అంటోంది. పాప ఏడుస్తోంది. అమ్మ కూడా ఏడుస్తోంది. నర్సుకేమీ అర్థం కాలేదు.

అప్పుడే నా ఫోన్ మోగింది. మా ఆయన, ఓడ మీద నుంచి. పాప పుట్టిందా, ఎవరి పోలిక అని అడుగుతూ మెసేజ్ పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో. అమ్మకి అవి చదవడం రాదు.

ఫోన్ పైకెత్తి చూపించాను. "అమ్మా, వచ్చేసింది. సయా పంపారు."

అమ్మ గుమ్మంలోకి రెండడుగులు వేసింది. "ఏటి రాసినాడు?"

"ఏమీ లేదని రాశారు. నీలో ఏమీ లేదట."

"ఏటీ నేదా?"

"ఏమీ లేదు."

పదకొండేళ్ళ ఉద్యోగంలో ఎవరికీ దొంగ రిపోర్టు చదవలేదు, అది ఒక్కటే. అమ్మ ఫోన్‌లోని ఆ అక్షరాల వంక చాలాసేపు చూసింది. చేతులు రెండూ కట్టుకున్న బర్మా లుంగీకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. అప్పుడు నర్సు దగ్గర్నుంచి పాపని తీసుకుంది.